ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి విండోసే ఉండాలా?



ఈ మధ్య నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 సపోర్ట్ అయిపోయిందని వస్తాంది, కొత్తది కొనాల్నా?" గిద్దలూరు నుంచి ఒక చెల్లి అడిగింది, మార్కాపురంలో రూము తీసుకుని చదువుకునే మన తండా పిల్లలు అడిగారు, మొన్న దోర్నాల పైన గూడెం నుంచి డిగ్రీ చదివే చెంచు తమ్ముడు అడిగాడు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేబదులు ఇక్కడే రాస్తున్నా. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నా జవాబు ముందే చెప్తా. కొత్తది కొనొద్దు. ఉన్న మిషన్లోనే లినక్స్ మింట్ వేస్కోండి. అందరూ అని మాత్రం అనట్లేదు, ఎవరు వేసుకోకూడదో కూడా రాస్తా.

విషయం ఏందంటే, 2015లో వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వాళ్లు 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ ఆపేశారు. ఆపేశారంటే కంప్యూటర్ ఆగిపోయినట్టు కాదు. ఎప్పట్లాగే ఆన్ అవుతది, పాటలు పాడతది. కానీ దాంట్లో దొంగలు దూరే కొత్త కంతలు బయటపడితే, వాటిని పూడ్చే అప్‌డేట్లు ఇక రావు. నమోదు చేసుకున్నవాళ్లకి ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు. అది కూడా సరైన లైసెన్స్ ఉన్న విండోస్ సంగతి. మన ఇళ్లల్లో ఉన్నది ఏ విండోసో మనకి తెలుసు గదా.

మరి విండోస్ 11 వేసుకోవచ్చు గదా అంటారు. దానికి 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే చిప్పు, వీటన్నిటికంటే ముఖ్యంగా కొత్త తరం ప్రాసెసర్ కావాలి. "నాది ఐ5 అన్నా, ఏం కాదు" అని ధీమాగా చెప్పేవాళ్లు ఆ ఐ5 పక్కన ఉన్న అంకె చూస్కోండి. 6300 అని ఉంటే ఆరో తరం, 7200 ఉంటే ఏడో తరం, 8250 ఉంటే ఎనిమిదో తరం. ఎనిమిది కంటే తక్కువైతే, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 జాబితాలో లేవు. మనవాళ్లు సికింద్రాబాద్ సీటీసీ నుంచో విజయవాడ నుంచో తెచ్చుకునే సెకండ్‌హ్యాండ్ డెల్, హెచ్‌పీ మిషన్లలో చానా మటుకు ఈ ఆరు, ఏడు తరాలవే. పెద్ద ఆఫీసులు వాడి అమ్మేసినవి. ఇనుము లాంటి మిషన్లు, ఇంకో ఐదారేళ్లు హాయిగా పనిచేస్తాయి. వాటికి వచ్చిన జబ్బేం లేదు, జాబితాలో పేరు లేదు అంతే. రేషన్ కార్డులో పేరు లేని మనిషి లాగ.

కొన్ని షాపుల్లో ఆ తనిఖీని దాటేసి 11 ఎక్కిస్తున్నారు. ఎక్కుతది. అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. 4 జీబీ ర్యామ్ మీద 11 పెట్టి క్రోమ్ తెరిస్తే, ఈలోపు టీ తాగి రావచ్చు. ఇక కొత్త ల్యాప్‌టాప్ అంటే ముప్పై ఐదు, నలభై వేలు. మిరపకాయల కోతలకి గుంటూరు, పల్నాడు వైపు పోయొచ్చే ఇంట్లో అది ఎన్ని రోజుల కూలో మీకు నేను లెక్క చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా సంగతి. నాకు లినక్స్ మీద ముందునుంచీ ప్రేమేం లేదు. 2021లో ఆన్‌లైన్ క్లాసుల కోసమని మా యాడి పొదుపు సంఘంలో లోన్ తీసి పదహారు వేలు ఇస్తే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నా. షాపులో క్రాక్ విండోస్ వేసి ఇచ్చారు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఒకరోజు జిరాక్స్ సెంటర్లో ప్రింట్ తీయించి పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి పెట్టా. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయినాయి. మీలో సగం మందికి తెలిసిన వైరసే. మిషన్ నత్తలా నడుస్తుంటే ఒక షాపులో ఇచ్చా. సాయంత్రం పోతే శుభ్రంగా ఉంది. చానా శుభ్రంగా ఉంది. అడక్కుండా మొత్తం ఫార్మాట్ కొట్టేశారు. "డి డ్రైవ్‌లో పెట్టుకోవాల్సింది గదా" అన్నారు. ఐదువందలు తీసుకున్నారు.

ప్రాజెక్టు రిపోర్ట్ పోయింది, మళ్లీ రాసుకున్నా. క్యాస్ట్ సర్టిఫికెట్, ఇన్‌కం సర్టిఫికెట్ స్కాన్లు పోయినాయి, మళ్లీ తీయించుకున్నా. మా నాయనమ్మ తీజ్ పాటలు పోయినాయి. రెండు పండగలప్పుడు ఆమె పక్కన కూర్చోబెట్టుకుని పాడించి రికార్డు చేసినవి, పద్దెనిమిదో పంతొమ్మిదో ఉండె. ఫోన్లో జాగా లేదని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్లో తీసేసినా. ఆమె తర్వాతి ఏడాది పోయింది.

తప్పు విండోస్‌దని నేను అనను. ఇంకో కాపీ పెట్టుకోని తప్పు నాది, అడక్కుండా కొట్టిన తప్పు వాళ్లది. కానీ ఆ రోజు నాకొకటి అర్థమైంది. మిషన్ మాది, లోన్ కట్టింది మా యాడి, దాని తాళం మాత్రం షాపులో ఉంది. స్లో అయితే షాపు, వైరస్ వస్తే షాపు, "యాక్టివేట్ చేయండి" అని వస్తే షాపు. మూడేళ్లలో ఆ మిషన్ లోపల ఏముందో నేను ఒక్కసారి కూడా చూసింది లేదు. మనకి కంప్యూటర్ వచ్చు అని రెజ్యూమేలో రాసుకుంటాం, ఫార్మాట్ కొట్టడానికి మాత్రం ఐదువందలు ఇచ్చి బెంచీ మీద కూర్చుంటాం. నేను మింట్‌కి మారింది ఆ కోపంతోనే. డబ్బు మిగిలింది తర్వాత సంగతి.

లినక్స్ అంటే ఏందో రెండు ముక్కల్లో చెప్తా, ఎక్కువ అక్కర్లేదు. 1991లో ఫిన్‌లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టాడు. దానికి ముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని గ్నూ అనే పని మొదలుపెట్టి ఉన్నాడు. రెండూ కలిసి ఇవాళ్టి లినక్స్. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాని అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్ మీద నడిచేవే. కాబట్టి "అది పనిచేస్తదా అన్నా" అని ఎవరూ అడగొద్దు. మీకు అలవాటు లేదు, అంతే తేడా.

లినక్స్‌లో రకాలు వందలున్నాయి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, జోరిన్ ఇట్లా. మొదటిసారి వేసేవాళ్లు ఈ పేర్ల దగ్గరే తిరిగి తిరిగి ఆగిపోతారు. నేను మింట్ ఎందుకు చెప్తున్నానంటే, కింద ఎడమవైపు మెనూ, కుడివైపు గడియారం, మీరు చూసిన విండోస్ లాగే ఉంటది. ఇంట్లో చెల్లికి ఇస్తే నేర్పక్కర్లేకుండా వాడుకుంటది. 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఉంటే చాలని వాళ్లే చెప్తారు. నా మాట వింటే 4 జీబీ ఉండాలి, బ్రౌజర్‌కైనా కావాలి గదా. 4 జీబీ ఉన్నవాళ్లు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం, 8 జీబీ ఉన్నవాళ్లు సినమన్ రకం దించుకోండి. మింట్ 22 వేసుకుంటే 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇంకో మాట, చేతిలో కాస్త డబ్బుంటే పాత హార్డ్ డిస్కు తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించండి. ఏ ఓఎస్ వేసినా అది చేసే మేలు ఇంకేదీ చేయదు.

"మన దేశంది ఉంది గదా, బాస్ లినక్స్" అని ఒక అన్న అడిగాడు. ఉంది, సీ-డాక్ వాళ్లు చేశారు. తమిళనాడులో 2011 తర్వాత పిల్లలకి ఉచితంగా పంచిన ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కన అది కూడా వేసి ఇచ్చారు. తెలుగులో మెనూలతో స్వేచ్ఛ వాళ్ల ఓఎస్ కూడా ఉంది, హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ పిల్లలు, ఉద్యోగస్తులు కలిసి డెబియన్ మీద కట్టింది. రెండింటి మీదా నాకు గౌరవముంది. స్వేచ్ఛ మీద ప్రేమ కూడా ఉంది. అయినా గూడెంలో ఒక్కడే కూర్చుని వేసుకునే తమ్ముడికి రాత్రి పదింటికి వైఫై రాకపోతే, ఆ ఎర్రర్ ముక్క గూగుల్‌లో కొట్టగానే జవాబు దొరకాలి. మింట్‌కి, ఉబుంటుకి అట్లా దొరుకుతది. నేను చూసింది అదొక్కటే.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే మాట దగ్గరికి వస్తా. మన గ్రూపులోనే ఒకరు అన్నారు, "లినక్స్ డబ్బుల్లేనోళ్లకి, ఉన్నోడు విండోస్ కొనుక్కుంటాడు" అని. ఈ మాట వింటే మన పిల్లలు లినక్స్‌ని కూడా ఎవరో దయతో ఇచ్చిన పాత చొక్కా లాగ చూస్తారు. కేరళలో సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. లేనోళ్ల పిల్లలకొకటి, ఉన్నోళ్ల పిల్లలకొకటి అని కాదు, ఆ బడుల్లో అందరికీ అదే. బెంగళూరులో సుదర్శన్ లేఔట్ అనే మురికివాడలో అంబేద్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అని ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు, ఆ వాడ పిల్లలు కలిసి పాత కంప్యూటర్లతో నడిపారు. అక్కడి పిల్లలు జింప్‌లో బొమ్మలు గీశారు. లైసెన్స్ ఫీజు లేకపోవడం ఒక సౌకర్యం, నిజమే. దాన్ని పట్టుకుని మనల్ని మనం తక్కువ చేసుకునేది ఏముంది? క్రాక్ విండోస్ కూడా ఫ్రీగానే వచ్చింది గదా, దాన్ని వాడేటప్పుడు ఎవరికీ సిగ్గు అనిపించలేదు.

తెలుగు టైపింగ్ సంగతి అందరూ అడుగుతారు. ఇక్కడ కాస్త ఆగుతా, ఎందుకంటే మనలో ఒకరిద్దరు డీటీపీ పని చేసేవాళ్లున్నారు. మింట్‌లో కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి పోయి తెలుగు చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్ వచ్చేస్తది. ఫోన్లో లాగ ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు రావాలంటే ఐబస్, ఎం17ఎన్ అనేవి సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి ఎక్కించుకోవాలి, దాంట్లో ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది. డీటీపీ వాళ్ల చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డ్ పద్ధతి కూడా అందులోనే ఉంది. పోతన, వేమన ఫాంట్లు కూడా ఒక ప్యాకేజీగా దొరుకుతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి అందరికీ ఉచితంగా వదిలిన ఫాంట్లు అవి. లిబర్‌ఆఫీస్‌లో మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు, ఫైర్‌ఫాక్స్ కూడా. అయితే అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు ఉన్నాయి చూడండి, అవి ఇక్కడ సరిగ్గా తెరుచుకోవు. అవి యూనికోడ్ కాదు. ఆ పని మీద బతికేవాళ్లు విండోస్ తీయొద్దు.

ఇంకా ఎవరు తీయొద్దంటే, ట్యాలీ నేర్చుకునే బీకాం పిల్లలు, ఆటోక్యాడ్ కావాల్సిన పాలిటెక్నిక్ పిల్లలు. మీకు రెండూ పక్కపక్కనే పెట్టుకునే పద్ధతి ఉంది, ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతది. ఊర్లో సీఎస్‌సీ పెట్టుకుని వేలిముద్ర మిషన్లు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడే అన్నలు విండోస్‌లోనే ఉండండి, ఆ సరుకంతా ఎక్కువగా విండోస్ కోసం చేసిందే. ప్రింటర్లలో హెచ్‌పీవి చానా మటుకు పెట్టగానే పనిచేస్తాయి. నెట్ సెంటర్లలో ఎక్కువగా కనిపించే ఎల్‌బీపీ 2900 రకానికి మాత్రం లినక్స్‌లో డ్రైవర్ కుదర్చడం తలనొప్పి పని. ముందే తెలుసుకోండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

గ్రూప్స్‌కి చదివేవాళ్లది న్యాయమైన భయం. ఏపీపీఎస్సీ కంప్యూటర్ టెస్ట్ సిలబస్‌లో ఎంఎస్ వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ అని పేరు పెట్టి ఉంటది. లిబర్‌ఆఫీస్‌లో ఉత్తరం టైపు చేయడం, పట్టిక గీయడం, ఎక్సెల్ ఫార్ములాలు, స్లైడ్లు అన్నీ నేర్చుకోవచ్చు, ఫైలు కూడా వర్డ్ రకంలోనే సేవ్ అవుతది. కానీ బటన్లు వేరే చోట ఉంటాయి. పరీక్ష హాల్లో బటన్ వెతుక్కుంటూ కూర్చోలేం. అందుకని పరీక్షకి నెల ముందు నుంచి కాలేజీ ల్యాబ్‌లో అసలు వర్డ్ మీద చేయి తిప్పుకోండి. ఆ ఒక్క నెల కోసం మిగతా మూడేళ్లు క్రాక్ విండోస్‌తో అవస్థ పడక్కర్లేదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, మాట్లాడుకుందాం.

డేటా సంగతి కూడా ఉంది. మన ఊర్లల్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. విండోస్ దాని ఇష్టమొచ్చినప్పుడు అప్‌డేట్ మొదలుపెడితే ఆ రోజు డేటా అంతా పోతది. మింట్‌లో అప్‌డేట్ వచ్చిందని చెప్తది, ఎక్కించేది మీరు చెప్పినప్పుడే. అలాగని నెలల తరబడి వదిలేయకండి, వారానికోసారి రాత్రిపూట ఎక్కించండి.

వేసేటప్పుడు ఏం చేయాలో పూర్తిగా రాస్తే ఇంకో పోస్టు అవుతది. ముఖ్యమైనవి చెప్తా. మొట్టమొదట మీ ఫైళ్లు రెండు చోట్ల కాపీ పెట్టుకోండి. రెండు చోట్ల, ఒకటి కాదు. ఎందుకో పైన చదివారు. మింట్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటది, మార్కాపురంలోనో ఒంగోలులోనో వైఫై ఉన్న స్నేహితుడి దగ్గర దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్‌తో ఎక్కించండి. ఎక్కించినప్పుడు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పోతది, ఖాళీది వాడండి. దాంతో బూట్ చేస్తే డిస్కుని ముట్టుకోకుండా మింట్ నడుస్తది. ఇది చానామందికి తెలీదు. ఒక గంట అట్లనే వాడి చూడండి. వైఫై వస్తాందా, సౌండ్ వస్తాందా, వెలుతురు తగ్గుతాందా, యూట్యూబ్ ఆడుతాందా. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి మళ్లీ ఆన్ చేయండి, మీ విండోస్ ఎక్కడిది అక్కడే ఉంటది. వైఫై రాకపోతే భయపడొద్దు, ఫోన్‌ని వైరుతో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తది, ఆ నెట్‌తో వైఫై డ్రైవర్ ఎక్కించుకోవచ్చు.

ఇన్‌స్టాల్ కొట్టేటప్పుడు "డిస్క్ మొత్తం చెరిపేయి" అనే చోట మాత్రం వేలు ఆపి రెండుసార్లు చదవండి. పక్కన విండోస్ కూడా ఉంచుకోవాలనుకునేవాళ్లకి వేరే వరుస ఉంటది.

జిరాక్స్ సెంటర్ పెన్‌డ్రైవ్ గురించి చెప్పడం మర్చిపోయా. ఆ షార్ట్‌కట్ వైరస్ విండోస్ కోసం రాసింది, ఇక్కడ నడవదు. మింట్‌లో ఆ పెన్‌డ్రైవ్ పెట్టి కంట్రోల్, హెచ్ నొక్కితే దాచేసిన మీ అసలు ఫోల్డర్లు బయటికి కనిపిస్తాయి. మా రూము పక్కన పిల్లలకి ఇట్లా నాలుగైదుసార్లు తీసిచ్చా. నేను 2023లో ఈ పని తెలుసుకుని ఉంటే షాపుకే పోయేవాణ్ని కాదు.

ఆఖరిగా మన భాషల గురించి. అదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల్లో ఉన్న గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. నోటో అనే ఉచిత ఫాంట్లలో ఆ లిపి ఉంది, ఎవరైనా దించుకుని వాడుకోవచ్చు. మన సుగాలీ భాషని, ఎరుకల భాషని మనం తెలుగు లిపిలోనే రాసుకుంటున్నాం, దానికి కొత్త ఫాంట్ అక్కర్లేదు. కానీ ఒక లంబాడీ నిఘంటువు కట్టాలన్నా, కీబోర్డ్‌లో మన మాటలు సూచనగా రావాలన్నా, లిబర్‌ఆఫీస్‌లో మన మాటల కింద ఎర్రగీత పడకుండా చేయాలన్నా, ఆ సాఫ్ట్‌వేర్‌ని విప్పి మన పదాల జాబితా దాంట్లో పెట్టే వీలుండాలి. లిబర్‌ఆఫీస్‌లో ఆ వీలుంది. దానికి పెద్ద ఇంజనీర్ కూడా అక్కర్లేదు, ఓపిక ఉన్న డిగ్రీ పిల్లలు నలుగురు, వాళ్ల పక్కన కూర్చునే ముసలమ్మలు ఇద్దరు చాలు. నేను ఒక ఫైలు మొదలుపెట్టా. ఇప్పటికి ఆరొందల చిల్లర మాటలున్నాయి. మా నాయనమ్మ పాటల్లోంచి గుర్తున్నవి కొన్ని రాశా, చానా వరకు గుర్తు లేవు. ఆమెతో పాడిన ఇంకో అవ్వ మా తండాలోనే ఉంది. ఈసారి తీజ్‌కి ఆమె దగ్గర కూర్చుంటా, రెండు ఫోన్లు పెట్టుకుని.

వచ్చే రెండు ఆదివారాలు నేను మార్కాపురంలోనే ఉంటా. మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌లు మూడున్నాయి. ల్యాప్‌టాప్, ఛార్జర్, మీ ఫైళ్లకి వేరే ఒక పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. నేను వేసివ్వను, పక్కన కూర్చుంటా, మీరే వేస్కోవాలి. వచ్చేవాళ్లు కింద పేరు, ఊరు, మిషన్ మోడల్ రాయండి. ఐ5 పక్కన అంకె కూడా.